లేని నాటకానికి పాటలు కట్టడం
(కథల్లోని కల్పిత సంగీత నాటకాలపై ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈరోజు మనం మాట్లాడుకోబోయేది అసలు లేని నాటకాల గురించి. సినిమాలోనో, నవలలోనో, టీవీ సిరీస్‌లోనో కొందరు పాత్రధారులు కలిసి ఒక మ్యూజికల్ వేస్తుంటారు. దానికో పేరుంటుంది, పాటలుంటాయి, డబ్బు పెట్టినవాళ్లుంటారు, సరిగ్గా ముందురోజు హీరోయిన్ కాలు బెణుకుతుంది. కథ ముగిశాక ఆ నాటకానికి టికెట్టు కొందామంటే ఎక్కడా దొరకదు. రచయిత మన కోసం అందులో మూడు నాలుగు నిమిషాలు మాత్రమే కట్టి చూపించాడు.

ఆ నాలుగు నిమిషాలు ఎలా కడతారు, ఎక్కడ చెడిపోతాయి అన్నదే నా విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చూపించేది నాలుగు నిమిషాలే అయినా, అది రెండున్నర గంటల నాటకంలో ఎన్నో పాటో, దానికి ముందేం జరిగిందో రాసేవాడికి తెలిసి తీరాలి. ప్రేక్షకుడికి చెప్పనక్కర్లేదు, కానీ రాసేవాడికి తెలియకపోతే ప్రేక్షకుడు పట్టేస్తాడు.

ముందు అసలు నాటకం కొలతలు చూద్దాం. న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్ల వీధి బ్రాడ్‌వే. ఆ పద్ధతి మ్యూజికల్‌కు, అంటే పాటలతో నడిచే నాటకానికి, మామూలుగా రెండు అంకాలు. మొదటిది గంటంబావు నుంచి గంటన్నర, తర్వాత 15, 20 నిమిషాల విరామం, రెండో అంకం గంట అటూ ఇటూ. పాటలు 15 నుంచి 20 దాకా ఉంటాయి. ప్రతి పాటకూ ఒక చోటుంది. తెర లేవగానే వచ్చే పాట ఏ ఊరు, ఏ కాలం, నవ్వాలా ఏడవాలా అన్నది తేల్చేస్తుంది. రెండోదో మూడోదో 'నాకిది కావాలి' అని ముఖ్యపాత్ర మనసు విప్పే పాట. విరామానికి ముందు అందరూ స్టేజి మీదికి వచ్చి, సమస్య పీకల మీదికి తెచ్చే పాట. రెండో అంకం చివర్లో ముఖ్యపాత్రకు కళ్లు తెరుచుకునే పాట. దీన్ని 'పదకొండు గంటల పాట' అంటారు. నాటకాలు రాత్రి ఎనిమిదిన్నరకు మొదలయ్యే రోజుల్లో ఆ పాట పదకొండు ప్రాంతంలో వచ్చేది కాబట్టి ఆ పేరు పడింది. ఇవి కాక, మొదట్లో విన్న పల్లవే తర్వాత వేరే పరిస్థితిలో, వేరే అర్థంతో తిరిగొస్తుంది.

కల్పిత నాటకం కట్టేవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది ప్రారంభ గీతాన్ని గానీ, ముగింపు పాటను గానీ. కారణం సులువే. ప్రారంభ గీతానికి వెనకటి కథ అక్కర్లేదు. ముగింపు పాటలో కథ తెలియకపోయినా ఊపు తెలుస్తుంది. మధ్యలో పాట చూపిస్తే ఆ పాత్ర ఎందుకు ఏడుస్తోందో చెప్పడానికి ఇంకో ఐదు నిమిషాల సంభాషణ కావాలి. ఆ ఐదు నిమిషాలూ బయటి కథ నిలిచిపోతుంది.

ఇక 1967లో మెల్ బ్రూక్స్ తీసిన 'ది ప్రొడ్యూసర్స్' దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఈ విద్యలో తెలుసుకోవలసినవి చాలావరకు అందులోనే ఉన్నాయి. మ్యాక్స్ బియాలిస్టాక్ అనే చితికిపోయిన నిర్మాత దగ్గరికి లియో బ్లూమ్ అనే అకౌంటెంట్ లెక్కలు చూడటానికి వస్తాడు. వెనకటి నాటకానికి వసూలు చేసింది 60 వేల డాలర్లు, ఖర్చయింది 58 వేలు. ఆ రెండు వేల తేడా నుంచి బ్లూమ్‌కు ఒక ఆలోచన పుడుతుంది. ఆడని నాటకం లెక్కలు ఎవరూ అడగరు. కాబట్టి ఖర్చుకు మించి వసూలు చేసి, నాటకం ఒక్క రాత్రిలో మూతపడేలా చూస్తే మిగిలిన డబ్బంతా తమదే. అలా వాళ్లు నాటకంలో 25,000 శాతం వాటాలు అమ్ముతారు. అంటే ఒక్క డాలరు లాభం వచ్చినా 250 డాలర్లు పంచాలి. నాటకం ఆడిందో, జైలే.

బయటి కథ తాడు ఎంత బిగుతుగా ఉందో చూడండి. లోపలి నాటకం ఘోరంగా పోవాలి. అందుకని హిట్లర్‌ను నెత్తిన పెట్టుకునే ఒక పిచ్చి రచయిత రాసిన 'స్ప్రింగ్‌టైమ్ ఫర్ హిట్లర్' ఎంచుకుంటారు, పనికిరాని దర్శకుణ్ని పెడతారు. తెర లేస్తుంది, ప్రారంభ గీతం మొదలవుతుంది. ఇప్పుడు ఆ పాటను చెవులతో పరీక్షించండి. బాణీ శుభ్రంగా ఉంది. పల్లవి మొదటిసారికే గుర్తుండిపోతుంది. నర్తకీమణుల ప్రవేశాలు వరుస తప్పవు, అడుగులు కలుస్తాయి, దుస్తుల్లో ప్రెట్జెల్ అనే జర్మన్ మెలిక రొట్టె ఉంది, బీరు మగ్గు ఉంది. చివర్లో కెమెరా నెత్తిమీదికి వెళ్తే నర్తకులంతా స్వస్తిక ఆకారంలో గిర్రున తిరుగుతుంటారు. 1930ల సినిమాల్లో నృత్య దర్శకుడు బస్బీ బర్క్‌లీ నర్తకులతో పూలు పూయించిన పద్ధతే అది. పాటలో తప్పంటూ ఉన్నది ఒక్కటే, విషయం.

ఈ పాట నడక తప్పి ఉంటే ఏమయ్యేది? హాల్లో జనం నటుల్ని చూసి నవ్వి లేచిపోయేవాళ్లు, నాటకం మూతపడేది, బియాలిస్టాక్ లెక్క గెలిచేది, సినిమా అక్కడితో ఆగిపోయేది. పాట అంత బాగా కుదిరింది కాబట్టే హాల్లో నోళ్లు తెరుచుకుంటాయి. తర్వాత హిట్లర్ వేషధారి వచ్చి మాట్లాడగానే ఇదంతా వెటకారమే అనుకుని జనం నవ్వుతారు, నాటకం బ్రహ్మాండంగా ఆడుతుంది. కథ మలుపు మొత్తం ఆ పాట పనితనం మీదే నిలబడింది. ఉత్తమ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ ఊరికే రాలేదు.

అదే కథను 2001లో బ్రాడ్‌వే మీద నిజమైన మ్యూజికల్‌గా వేశారు. దానికి బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డులు 12 వచ్చాయి. అక్కడో చిక్కొచ్చింది. స్టేజి మీద కెమెరా నెత్తిమీదికి వెళ్లదు కదా. ముందు వరుసలో కూర్చున్నవాడికి తిరిగే స్వస్తిక కనిపించదు, వరుసగా నడిచే కాళ్లు కనిపిస్తాయి. నర్తకుల వెనక పెద్ద అద్దాన్ని వాలుగా దించి, ఆ ఆకారం ప్రేక్షకులకు అద్దంలో కనపడేలా చేశారు. సినిమా కోసం ఊహించిన నాటకాన్ని స్టేజికి ఎక్కించేటప్పుడు మొదట వచ్చే ఇబ్బంది ఇదే. కెమెరా చేసిన పని ఇప్పుడెవరు చేస్తారన్నది ఒక్కో దృశ్యానికీ విడిగా తేల్చుకోవాలి.

1933 నాటి '42న్డ్ స్ట్రీట్' సినిమా ఆ ప్రశ్న వేసుకోనే లేదు. అందులో 'ప్రెట్టీ లేడీ' అనే నాటకం కోసం ఐదు వారాలు కాళ్లరిగేలా రిహార్సల్ చేస్తారు. చివర్లో వచ్చే పాటలు చూస్తే వాటి మధ్య కథంటూ ఏదీ కనపడదు. తిరిగే వేదికల మీద నర్తకులు, పైనుంచి తీసిన దృశ్యాలు, ఏ థియేటర్లోనూ ఎవరి సీట్లోంచీ కనపడని కోణాలు. అయినా అది చెల్లిపోయింది. ఎందుకంటే ఆ సినిమా ప్రశ్న నాటకం బాగుందా అన్నది కాదు, కొత్త పిల్ల పెగ్గీ సాయర్ నిలబడుతుందా అన్నది. బయటి కథ అడగని విషయాన్ని లోపలి నాటకం చెప్పనక్కర్లేదు.

మళ్లీ తప్పు నాటకాల దగ్గరికి వద్దాం. నేను గట్టిగా నమ్మేది ఏమిటంటే, తప్పు ఒక్కటే ఉండాలి. బాణీ, ప్రాస, నృత్యం, కథ అన్నీ కలిసి చెడితే అది గందరగోళం అవుతుంది తప్ప హాస్యం కాదు. 1992లో 'ది సింప్సన్స్' కార్టూన్ సిరీస్‌లో వచ్చిన 'ఓ! స్ట్రీట్‌కార్!' చూడండి. టెనెసీ విలియమ్స్ 1947లో రాసిన విషాద నాటకం 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్‌డ్ డిజైర్'కు అది ఊరి జనం వేసిన మ్యూజికల్ రూపం. అసలు నాటకం చివర్లో కథానాయిక బ్లాంచ్‌ను పిచ్చాసుపత్రికి తీసుకెళ్తుంటే, ఆమె డాక్టరు చేయి పట్టుకుని పరాయివాళ్ల దయ గురించి ఒక మాట అంటుంది. గుండె పిండేసే మాట అది. కార్టూన్‌లో అదే మాటను అందరూ నవ్వుతూ, చేతులూపుతూ పాడే ముగింపు పాట చేశారు. ప్రాస కుదిరింది, కోరస్ కలిసింది. అర్థం మాత్రం తలకిందులైంది. తప్పు అక్కడొక్కచోటే, అందుకే అంత పదునుగా దిగింది.

దీని వెనక ఒక చట్టపరమైన కారణం కూడా ఉంది. మూల నాటకంలోంచి పెద్ద పెద్ద సంభాషణలు వాడుకోవడం కుదరదని, సొంతంగా పాటలు రాసుకుంటే ఇబ్బంది లేదని తేలింది. కాబట్టి పాటలు రాశారు. హక్కులున్న కృతి మీద కల్పిత నాటకం కట్టాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. వాక్యాలు ఎత్తుకోకండి, సందర్భం తీసుకుని మాటలు మీవి రాసుకోండి. అయినా మన దగ్గర చెల్లుతుందో లేదో లాయర్‌ని అడగాల్సిందే. అలాగే ఆ ఎపిసోడ్ ప్రారంభ గీతం న్యూ ఆర్లీన్స్ నగరాన్ని నానా మాటలూ అంటుంది. నాటకంలోని పాత్రలు అన్న మాటలే అయినా నగరవాసులకు కోపమొచ్చింది. ఆ మరుసటి ఎపిసోడ్ మొదట్లో సింప్సన్స్ ఇంటి పిల్లాడు బార్ట్ చేత నల్లబల్ల మీద క్షమాపణ లాంటి వాక్యం రాయించారు. ఒక ఊరిని పేరు పెట్టి తిట్టే పాటకు లోపలి నాటకం అడ్డు నిలబడదు.

పేరు గురించి ఒక మాట. 'ఓక్లహోమా!', 'ఆలివర్!', 'హలో, డాలీ!' లాంటి నిజమైన నాటకాల నుంచి ఆశ్చర్యార్థకం ఒక గుర్తుగా మిగిలింది. అందుకే 1989 నాటి 'ది టాల్ గై' సినిమాలో ఎలిఫెంట్ మ్యాన్ జీవితం మీద వేసే మ్యూజికల్‌కు 'ఎలిఫెంట్!' అని పేరు పెట్టారు. వికృత రూపంతో బాధపడ్డ మనిషి కథ పక్కన ఆ ఒక్క గుర్తు పెట్టగానే, ఆ నాటకం ఎంత మొరటుగా ఉండబోతోందో పాట వినకముందే తెలిసిపోతుంది. పేరు పెట్టేటప్పుడు మూలకథ ఏమిటో, దాన్ని ఎలా పాడు చేశారో రెండూ అందులో తెలియాలి.

ఔత్సాహికుల నాటకం కడుతుంటే మరో జాగ్రత్త. క్రిస్టఫర్ గెస్ట్ 1996లో తీసిన 'వెయిటింగ్ ఫర్ గఫ్మన్'లో మిస్సోరీలోని బ్లెయిన్ అనే చిన్న ఊరు తన 150వ వార్షికోత్సవానికి 'రెడ్, వైట్ అండ్ బ్లెయిన్' వేస్తుంది. దర్శకుడు కార్కీ ఊరి పెద్దల్ని లక్ష డాలర్లు అడుగుతాడు. ఊరి మొత్తం ఏడాది బడ్జెట్ 15 వేలు. ఆ రెండు అంకెల్లో మనిషి మొత్తం కనపడతాడు. పాటలు మాత్రం గెస్ట్, మైకేల్ మెకీన్, హ్యారీ షియరర్ చక్కగానే కట్టారు. ఔత్సాహికులంటే అపశ్రుతి అనుకోవడం పెద్ద పొరపాటు. అపశ్రుతికి పది సెకన్లు నవ్వుతారు, తర్వాత చెవి నొప్పి పుడుతుంది. అసలైన ఔత్సాహికుడు శ్రుతిలోనే పాడతాడు. కానీ ప్రతి మాటనూ నొక్కి పలుకుతాడు, ప్రవేశానికి అర సెకను ముందు వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ వైపు చూస్తాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడలకు ఆనిస్తాడు, పాటయ్యాక చప్పట్ల కోసం ఆగుతాడు. ఈ నాలుగింటిలో రెండు చాలు.

బరువెక్కి కూలిపోయే నాటకం ఇంకో రకం. 1953 'ది బ్యాండ్ వాగన్'లో రచయిత దంపతులు ఒక సరదా కథ తెస్తారు. పిల్లల పుస్తకాల రచయిత డబ్బు కోసం హత్యల నవలలు రాస్తుంటాడు. దర్శకుడు జెఫ్రీ కార్డోవా అందులో ఫౌస్ట్‌ను చూస్తాడు. దెయ్యానికి ఆత్మను అమ్ముకున్న మనిషి కథ అంటూ మంటలు, పొగ, పైకీ కిందికీ కదిలే సెట్లు పేరుస్తాడు. రిహార్సల్లో ఒక వేదిక లేవాల్సినప్పుడు ఇంకోటి దిగుతుంది, పేలుళ్లు నటుల కాళ్ల దగ్గరే పేలతాయి. తర్వాత న్యూ హేవెన్‌లో మొదటి ప్రదర్శన మట్టి కరుస్తుంది. నిజమైన థియేటర్లలో కూడా సాంకేతిక రిహార్సల్ జారిపోయేది ఇక్కడే. ప్రతి యంత్రం విడిగా పనిచేస్తుంది, కానీ పాట వేగంలో ఒకదాని వెనక ఒకటి కదలడానికి సమయం చాలదు. ఈ సినిమా తెలివి ఏమిటంటే, ఫౌస్ట్ నాటకం పాటల్ని దాదాపు చూపించదు. యంత్రాల్ని చూపిస్తుంది, తర్వాత బయటికొచ్చే ప్రేక్షకుల మొహాలు చూపిస్తుంది. ఆ తర్వాత దాన్నే తేలికైన పాటల ప్రదర్శనగా మార్చినప్పుడు మాత్రం పాటలు పూర్తిగా వినిపిస్తుంది.

చెడ్డ నాటకం కంటే మంచి నాటకం చూపించడం చాలా కష్టం. బాగుందని పాత్రలు అంటే సరిపోదు, మనకూ అనిపించాలి. 2012లో మొదలైన 'స్మాష్' సిరీస్‌లో మెరిలిన్ మన్రో మీద 'బాంబ్‌షెల్' అనే మ్యూజికల్ తయారవుతుంటుంది. పాటలు మార్క్ షైమన్, స్కాట్ విట్మన్‌వి. మొదటి ఎపిసోడ్ చివర వచ్చే 'లెట్ మీ బీ యువర్ స్టార్' నా దృష్టిలో ఈ పద్ధతికి మేలిమి నమూనా. నన్ను మీ తారను చేసుకోండి అని మెరిలిన్ ప్రేక్షకుల్ని వేడుకుంటుంది. ఆ పాత్ర కోసం పోటీపడే ఇద్దరమ్మాయిలూ ఆడిషన్‌కు వెళ్తూ అదే పాట పాడతారు. ఒక్క అక్షరం మార్చకుండానే అది మెరిలిన్ కోరికా, వాళ్ల కోరికా అవుతుంది. మీరు కట్టే పాటకు ఈ పరీక్ష పెట్టండి. లోపలి పాత్ర నోట్లోంచి తీసి బయటి పాత్ర నోట్లో పెడితే అర్థం నిలబడాలి.

నిజానికి 'బాంబ్‌షెల్' బలహీనత కూడా అక్కడే ఉంది. రెండు సీజన్లలో ఎన్నో పాటలొచ్చాయి. ప్రతి పాటా మెరిలిన్ జీవితంలో ఒక ఘట్టం. వాటిని కలిపే కథ మాత్రం ఎప్పుడూ కుదురుగా కనపడలేదు. ప్రతి ఎపిసోడ్‌కూ ఆ వారం గొడవకు సరిపోయే పాట కావలసి వచ్చింది మరి.

లోపలి సంగీతమూ బయటి సంగీతమూ విడిగా తెలియాలంటే 1986 నాటి మ్యూజికల్ 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా' వినండి. అక్కడ లోపల ఉన్నవి ఒపేరాలు, అంటే దాదాపు అన్నీ పాడుతూనే నడిపే నాటకాలు. 'హన్నిబాల్' 19వ శతాబ్దపు భారీ ఒపేరా ధోరణి, 'ఇల్ మూటో' 18వ శతాబ్దపు హాస్య ఒపేరా ధోరణి. ఒపేరా థియేటర్లో దాక్కుని ఉండే ఫాంటమ్ తానే రాసిన 'డాన్ హువాన్ ట్రయంఫెంట్' మాత్రం ఆ కాలానికి అందని సంగీతం. అందులో హోల్‌టోన్ స్కేలు వాడారు. దాంట్లో ఆరే స్వరాలు, అన్నిటి మధ్యా ఒకే దూరం. అందుకని చెవికి ఇల్లు అనిపించే స్వరం దొరకదు, పాట గాల్లోనే ఉంటుంది. రిహార్సల్ దృశ్యంలో గాయకుడు పియాంజీ ఒక పదబంధంలో అలవాటైన స్వరానికే జారిపోతుంటాడు. ఎన్నిసార్లు సరిదిద్దినా అంతే. ఆ తర్వాత పియానో తనంతట తానే మోగడం మొదలవుతుంది, అందరూ బొమ్మల్లా తప్పు లేకుండా పాడేస్తారు. కొత్త సంగీతం ఎంత కొత్తదో ప్రేక్షకుడికి పాఠం చెప్పకుండా, గాయకుడి గొంతు తడబాటుతో చెప్పారు. ఈ దృశ్యాన్ని పదేపదే చూడండి.

ఇక చేతిపని. మామూలు పాట 32 బార్లు. బారంటే తాళంలో ఒక చుట్టు. ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాలు. ఒకటి, రెండు, నాలుగు ఒకే బాణీ, మూడోది వేరు. బారుకు నాలుగు దెబ్బలు, నిమిషానికి 120 దెబ్బల వేగం అనుకుంటే మొత్తం 128 దెబ్బలు, 64 సెకన్లు. ముందు ఎనిమిది బార్ల వాద్యం, అంటే 16 సెకన్లు. పాట రెండుసార్లు వస్తే రెండు నిమిషాల 24 సెకన్లు. తెర మీద అంతకు మించితే బయటి కథ చల్లారిపోతుంది. మధ్యలో హాల్లో కూర్చున్నవాళ్ల మొహాలు చూపించాలంటే మూడో భాగంలో చూపించండి. పేరు వినపడే వరుస మీద, ప్రాస పడే చోట కెమెరా తిప్పితే పాట పోయినట్టే. పాత్రలు మాట్లాడుకోవాలంటే నృత్యానికి వదిలిన వాద్య భాగంలో మాట్లాడించండి. సాహిత్యం మీద సంభాషణ పడితే రెండూ వినపడవు.

గబగబా పాడే పాటైతే లెక్క మారుతుంది. నిమిషానికి 160 దెబ్బలు, దెబ్బకు రెండు అక్షరాలంటే సెకనుకు ఐదు అక్షరాలు దాటుతాయి. 'ఓన్లీ మర్డర్స్ ఇన్ ద బిల్డింగ్' టీవీ సిరీస్ మూడో సీజన్‌లో 'డెత్ రాటిల్ డాజిల్' నాటకానికి కట్టిన పాట ఈ రకమే. ముగ్గురు పసికందుల్లో తల్లిని చంపిందెవరని డిటెక్టివ్ ఆరా తీస్తాడు. ఆ వేషం వేసిన చార్ల్స్‌కు రిహార్సల్లో బుర్ర ఖాళీ అయిపోతుంటుంది. పాట అంత కష్టమైనది కాబట్టే ఆ భయాన్ని నమ్ముతాం. ఇలాంటి పాటలో వరుస చివర ఊపిరికి చోటు వదలకపోతే నటుడు మూడో వరుసలో పడిపోతాడు. హల్లు మీద ముగిసే మాట వెనకే అదే హల్లుతో మొదలయ్యే మాట వేయకండి. వేగం పెంచే ముందు, నటుడి చేత బాణీ లేకుండా తాళానికి చదివించండి.

నవలా రచయితలకు బాణీ వినిపించే వీలు లేదు. ఇంగ్లిష్ హాస్య రచయిత వుడ్‌హౌస్ స్వయంగా జెరోమ్ కెర్న్ లాంటి స్వరకర్తలతో కలిసి మ్యూజికల్స్‌కు పాటలు రాసినవాడు. అయినా 1918 నాటి ఒక జీవ్స్ కథలో 'ఆస్క్ డాడ్' అనే నాటకం పెట్టినప్పుడు పాటల మీద ఆధారపడలేదు. నిర్మాత తన చిన్న కొడుకును రిహార్సల్‌కు వెంటబెట్టుకొస్తాడు. పిల్లాడికి నచ్చింది జనానికి నచ్చుతుందని అతని నమ్మకం. పిల్లాడు ఒక నటుణ్ని చూసి మొహం చిట్లిస్తాడు, అంతటితో అంతా తారుమారు. కాగితం మీద రెండు వరుసల సాహిత్యం చాలు. పూర్తి పాట అచ్చేస్తే పాఠకుడు దాటేస్తాడు. గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంటుంది, పియానో వాయించేవాడు ఏ మాట దగ్గర ఆగుతాడు, దర్శకుడు ఏ చరణం కొట్టేశాడు, ఇవి రాయండి.

కల్పిత నాటకం ఒక్కోసారి కథ గడప దాటి బయటికొస్తుంది. 2021లో 'హాక్‌ఐ' సిరీస్‌లో కెప్టెన్ అమెరికా అనే సూపర్‌హీరో, అంటే స్టీవ్ రోజర్స్ మీద వేసే 'రోజర్స్' మ్యూజికల్‌లోంచి ఒక్క యుద్ధం పాట చూపించారు. ఆ యుద్ధంలో లేని యాంట్‌మ్యాన్ అనే ఇంకో సూపర్‌హీరోను కూడా స్టేజి మీద పెట్టారు. నిజంగా అక్కడ పోరాడిన క్లింట్, అంటే హాక్‌ఐ, ప్రేక్షకుల్లో కూర్చుని, చనిపోయిన స్నేహితురాలి వేషం చూడలేక వినికిడి యంత్రం ఆపేస్తాడు. పాట ఎంత హుషారుగా ఉంటే ఆ మొహం అంత బరువెక్కింది. 2023 వేసవిలో దాన్ని కాలిఫోర్నియాలోని డిస్నీ పార్కు థియేటర్లో సుమారు అరగంట నాటకంగా వేశారు. అప్పుడు ఆ ఒక్క పాట చాల్లేదు. యుద్ధానికి ముందు స్టీవ్ ఎవరు, చివరికి ఎక్కడికి చేరతాడు అన్నదానికి కొత్త పాటలు రాయాల్సి వచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురు దారి 'ది డ్రౌజీ చాపెరోన్'. 1990ల చివర్లో టొరంటోలో ఒక పెళ్లి వేడుకకు స్నేహితులు సరదాగా కట్టింది, 2006లో బ్రాడ్‌వేకి చేరింది. ఒకాయన కుర్చీలో కూర్చుని 1928 నాటిదని చెప్పే మ్యూజికల్ రికార్డు పెడతాడు, నాటకం ఆయన గదిలోనే ప్రత్యక్షమవుతుంది. రికార్డు ఒకచోట ఇరుక్కుంటే నటులంతా అదే ముక్కను అదే అడుగుతో మళ్లీ మళ్లీ చేస్తారు, ఆయన లేచి ముల్లు సరిచేసేదాకా. రెండో అంకానికి పొరపాటున వేరే నాటకం రికార్డు పెడతాడు, ఏ సంబంధమూ లేని సెట్టు, వేషాలు దిగిపోతాయి. లోపలి నాటకాన్ని మోసే వస్తువు ఏదైతే, దాని లోపాలే నాటకం లోపాలు కావాలని ఇంత స్పష్టంగా చూపించిన కృతి నాకింకొకటి తెలియదు.

(సభలోంచి ప్రశ్న: మొత్తం ఎన్ని పాటలు రాసుకోవాలి?)

పదహారు పాటల పేర్లు, ఒక్కో దానికి ఎవరు పాడతారు, ఎందుకు పాడతారు అని ఒక్కో వాక్యం. ఇదంతా ఒక్క కాగితంలో పట్టాలి. అందులో రెండు పాటలు పూర్తిగా, మూడోదానికి పల్లవి మాత్రం. మూడో పల్లవి ఎందుకంటే, బయటి కథలో ఎవరో ఒకరు వంటింట్లోనో మెట్ల మీదో దాన్ని కూనిరాగం తీయాలి. చూపించని పాటను పాత్రలు తమకు తెలిసినట్టు పాడుకుంటే, మిగతా పదమూడూ ఎక్కడో ఉన్నాయని ప్రేక్షకుడు అడగకుండానే ఒప్పుకుంటాడు.